పదో తరగతి తర్వాత పదేళ్ళు - దామోదరం సంజీవయ్య గారి చదువు బాట



మార్చి నెల వచ్చిందంటే మన వసతి గృహంలో పదో తరగతి వాళ్ళకు రెండు దిగుళ్ళు. ఒకటి పరీక్షలు. రెండోది, పరీక్షలయ్యాక ఏం చేయాలన్నది. పది అయిపోగానే ట్రంకు పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళి, మిరప కోతలకో, మామిడి తోటల్లో పనికో, విజయవాడలో తాపీ పనికో పోయి మళ్ళీ పుస్తకం ముట్టని వాళ్ళు మన తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ళకు తెలివి లేక కాదు. దారి చెప్పేవాళ్ళు లేక, డబ్బుకు ఆధారం కనపడక ఆగిపోయారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో దామోదరం సంజీవయ్య గారి గురించి రాస్తున్నాను. ఆయన ముఖ్యమంత్రి అయ్యారని అందరికీ తెలుసు. ఆయన చదువు ఎలా సాగిందో చాలామందికి తెలియదు.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పక్కనే ఉన్న పెద్దపాడు గ్రామంలో ఒక నిరుపేద దళిత కుటుంబంలో పుట్టారు. తల్లి సుంకులమ్మ, తండ్రి మునియ్య. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయారు. కుటుంబం మేనమామ ఊరికి చేరింది. అక్కడ సంజీవయ్య గారు పశువులు కాశారు. తర్వాత మళ్ళీ పెద్దపాడుకు వచ్చారు. అన్నయ్య చిన్నయ్య కూలి చేస్తూ, బట్టలు నేస్తూ ఇల్లు గడిపారు. ఇంట్లో ఒకరి రెక్కల కష్టం మీద ఇంకొకరి చదువు నడవడం మనకు కొత్త కాదు. మనలో చాలామంది ఇళ్ళలో ఈనాటికీ అంతే.

ఊళ్ళో ప్రాథమిక చదువు అయ్యాక ఆయన కర్నూలులోని మిషనరీ పాఠశాలలోను, 1935 నుంచి మునిసిపల్ హైస్కూలులోను చదివారు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి.లో జిల్లాలోనే ప్రథముడిగా వచ్చారు. అంటే మన పదో తరగతి లాంటి పరీక్ష. ఆ తర్వాత అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరి 1942లో బి.ఎ. పూర్తి చేశారు.

ఇక్కడి దాకా కథ బాగానే ఉంది. కానీ బి.ఎ. చేతికొచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఉద్యోగాలు దొరకడం గగనమైపోయింది. జిల్లాకే మొదటివాడిగా వచ్చిన మనిషి కర్నూలు రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేశారు. తర్వాత బళ్ళారిలో ప్రజాపనుల శాఖలో తనిఖీ ఉద్యోగం చేశారు. కొంతకాలం పిల్లలకు పాఠాలు చెప్పారు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి. మన ఊళ్ళలో అయితే ఆ చదువు వల్ల ఏం ఒరిగిందని ఈపాటికి నలుగురూ అనేసేవారు.

బళ్ళారిలో జిల్లా జడ్జిగా ఉన్న ఒక పెద్దమనిషి లా చదవమని ఆయనను ప్రోత్సహించారు. 1946లో, ఇరవై అయిదేళ్ళ వయసులో, ఆయన మద్రాసు లా కాలేజీలో విద్యార్థిగా చేరారు. అక్కడ మెస్ ఛార్జీలకు డబ్బు చాలేది కాదు. అందుకని జార్జ్ టౌన్‌లోని ఒక హైస్కూలులో లెక్కల మాస్టారుగా పార్ట్ టైం ఉద్యోగం చేశారు. ఒక పక్క తాను పాఠం వింటూ, ఇంకో పక్క పాఠం చెబుతూ 1948లో లా పట్టా పుచ్చుకున్నారు. ఎస్.ఎస్.ఎల్.సి. నుంచి లెక్కపెడితే సరిగ్గా పదేళ్ళు.

ఆ తర్వాతి సంగతులు త్వరత్వరగా జరిగాయి. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడయ్యారు. 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1960 జనవరి 11న, ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి ఆయన. 1962 మార్చి వరకు ఆ పదవిలో ఉన్నారు. వృద్ధులకు పెన్షన్లు ఆయన కాలంలోనే మొదలయ్యాయి. తర్వాత అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చట్టం వచ్చింది. 1972 మే నెలలో కన్నుమూశారు.

మిత్రులారా, ఇప్పుడు మన సంగతి చూద్దాం. పదో తరగతి పైన చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. డాక్టర్ అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న రోజులవి. సంజీవయ్య గారి బి.ఎ. అప్పటికే అయిపోయింది. ఆయన బి.ఎ. చదివే రోజుల్లో లేని ఈ పథకం ఇవాళ మనకు ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే ఎస్.సి. విద్యార్థులు దీనికి అర్హులు. ఇది దయాధర్మం కాదు, మన హక్కు.

దారులు కూడా ఒకటి కాదు. ఇంటర్ చదవవచ్చు. అంబేద్కర్ గురుకుల జూనియర్ కళాశాలల్లో చేరితే తిండికి, ఉండడానికి దిగులు లేదు. పాలిసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేస్తే, ఈసెట్ ద్వారా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. త్వరగా పని నేర్చుకోవాలంటే ఐ.టి.ఐ. ఉంది. మనకు దగ్గర్లోనే నూజివీడు ట్రిపుల్ ఐటీ ఉంది. పది మార్కులతోనే సీటు ఇస్తారు. లాయరు కావాలనుకుంటే ఇంటర్ తర్వాత క్లాట్ రాసి విశాఖపట్నం దగ్గర ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి వెళ్ళవచ్చు. ఆ విశ్వవిద్యాలయం పేరేమిటో తెలుసా? దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. మెస్ ఛార్జీల కోసం లెక్కలు చెప్పిన విద్యార్థి పేరే దానికి పెట్టారు.

పరీక్షలు కాగానే చేయాల్సిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. కుల, ఆదాయ ధృవీకరణ పత్రాలు ముందే తీసుకోండి. ఆధార్, మార్కుల జాబితా, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా స్కాలర్‌షిప్పు ఆగిపోవచ్చు. స్టడీ సర్టిఫికెట్లు, టి.సి. జిరాక్సులు నాలుగేసి తీసి దాచుకోండి. తెలియనిది వార్డెన్ గారిని, మాస్టార్లను అడగడానికి సిగ్గుపడకండి.

మనలో ఎవరికైనా మధ్యలో ఒక ఏడాది చదువు ఆగిపోవచ్చు. ఇంటి పరిస్థితి వల్ల పనికి పోవలసి రావచ్చు. అప్పుడు రేషన్ ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్న సంజీవయ్య గారిని గుర్తు చేసుకోండి. ఆగడం తప్పు కాదు. మళ్ళీ మొదలుపెట్టకపోవడమే తప్పు. ట్రంకు పెట్టె సర్దేటప్పుడు పుస్తకాలు అడుగున కాకుండా పైన పెట్టుకుందాం.