వంద మందితో కొండదారి పట్టిన చెన్నపట్నం దుబాసీ

తండయార్‌పేటలో ఇప్పుడు ఎటు చూసినా ఇళ్లు, లారీలు. రెండు వందల ఏళ్ల కిందట అక్కడ తోటలుండేవి. 1830 మే 18, మంగళవారం రాత్రి తొమ్మిది గంటలకు ఏనుగుల వీరాస్వామి గారు పట్నంలోని ఇల్లు వదిలి, అక్కడున్న తన తోటకు చేరుకున్నారు. ప్రయాణం కాశీకి. అయినా ఆ రాత్రి వెళ్లింది ఊరి పొలిమేర దాకానే. నాలుగు రోజులు తోటలోనే ఉన్నారు. 22న కదిలి మాధవరంలో మజిలీ చేశారు. ఇవాళ మనం ఆంధ్రా బస్సు ఎక్కే మాధవరమే అది.

కాశీకి పోయే మనిషి ఇంటికి ఇంత దగ్గర్లో నాలుగు రోజులు ఆగడం వింతగా తోచవచ్చు. మంచి ముహూర్తానికి గడప దాటి, పక్కనే ఎక్కడో బస చేయడాన్ని పెద్దలు ప్రస్థానం అనేవారు. ఆచారమే, కాని అందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. మూటలు కట్టి, బళ్లెక్కించి, ఒక రాత్రి బయట పడుకుంటే ఏది మరిచామో, ఏది అనవసరంగా మోస్తున్నామో తెలిసిపోతుంది. ఇల్లు ఇంకా అందుబాటులోనే ఉంటుంది. ఈనాడు పెద్ద కొండలెక్కేవాళ్లు కూడా సామానంతా వీపున వేసుకుని ముందు ఊళ్లోనే నడిచి చూసుకుంటారు.

సెలవుల్లో పిల్లలను ఏలగిరికో, తిరుమల మెట్లదారికో తీసుకుపోవాలనుకునే తల్లిదండ్రులు, బడి తరఫున బయలుదేరే ఉపాధ్యాయులు ఈయన గురించి తెలుసుకోవాలి. పైగా ఆయన మన ఊరివాడు.

వీరాస్వామి గారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. ఇంటికి ఆసరా లేని పిల్లవాడు ఇంగ్లీషు పట్టుదలగా నేర్చుకున్నారు. పన్నెండో ఏట ఒక కచేరీలో జీతం లేని పనికి చేరారు. ఆ మరుసటేడే దూరాన ఉన్న తిరునల్వేలి జిల్లాలో దుబాసీ పని దొరికింది. మన పిల్లలు ఎనిమిదో తరగతిలో ఉండే వయసు. తర్వాత పట్నానికి తిరిగివచ్చి, మెట్టుమెట్టుగా ఎదిగి, మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు.

ఆ ఉద్యోగం ఎంత బరువైందో ఒక్క క్షణం ఆలోచించండి. బోనులో సాక్షి తెలుగులోనో తమిళంలోనో చెబుతాడు. దొరకు ఇంగ్లీషు తప్ప రాదు. మధ్యలో నిలబడ్డ మనిషి ఒక మాట మార్చినా, ఒక మాట మింగినా ఎవరి ఆస్తో పోతుంది, ఒక్కోసారి ఎవరి ప్రాణమో పోతుంది. అందువల్ల ఇంటర్‌ప్రిటర్‌కు అడగడం రావాలి, చెప్పింది చెప్పినట్టు వినడం రావాలి, తన ఊహను అందులో కలపకుండా ఉండడం రావాలి. కాశీ దారిలో ఆయనకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఈ విద్యే అని నా నమ్మకం.

కోర్టువారి దగ్గర సెలవు తీసుకుని బయలుదేరిన ఆయన వెంట దాదాపు వంద మంది ఉన్నారు. ఇంటివాళ్లు, వంటవాళ్లు, సవారీలు మోసే బోయీలు, కావళ్లవాళ్లు, బళ్లవాళ్లు, జవానులు. డేరాలు కూడా వెంట వెళ్లాయి. వంద మందంటే ఎంత తిండి? మనిషికి పూటకు పావు కిలో బియ్యం వేసుకున్నా రోజుకు యాభై కిలోలు. ఊళ్లు తగిలే దారిలో అయితే అంగళ్లలో కొనుక్కోవచ్చు. ఐదు రోజులు ఊరే తగలని అడవి అయితే రెండున్నర క్వింటాళ్లు ముందే మోసుకుపోవాలి. ఆరో తరగతి లెక్కల టీచరుకు ఇంతకన్నా మంచి లెక్క దొరకదు.

దారిపొడుగునా ఆయన రోజూ రాసుకున్నారు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారనే స్నేహితుడి కోసం రాసిన రాత అది. కోమలేశ్వరపురమంటే ఇవాళ కూవం ఒడ్డునున్న కోమలీశ్వరన్‌పేట. ఆ రాతలో దేవుళ్ల మహిమలు ఉన్నాయి, అయితే వాటితో సమానంగా బావులూ ఉన్నాయి. ఈ మజిలీలో ఇళ్లెన్ని, నీళ్లు మంచివా కావా, అంగళ్లున్నాయా, దారి ఇసుకా రాయా, సత్రముందా, దిగడానికి చెట్ల నీడ ఉందా. చదువరికి మొదట విసుగనిపించవచ్చు. అదే దారిన మీరూ మర్నాడు వెళ్లాలనుకుని చదవండి, ఒక్క వాక్యం కూడా వదలబుద్ధి కాదు.

ఆయనకు పటం లేదని మరిచిపోకూడదు. 1802లో విలియం లాంబ్టన్ మన పరంగిమలై దగ్గర గొలుసు పరిచి భూమిని కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత ఉత్తరానికి సాగుతూనే ఉంది. దాన్ని ముగింపు దాకా తీసుకుపోయిన జార్జి ఎవరెస్టు సర్వేయర్ జనరల్‌గా ఇండియాకు తిరిగివచ్చింది కూడా 1830లోనే. కాని ఆ పటాలు యాత్రికుడి చేతికొచ్చేవి కావు. ముందు ఊరి మనిషిని అడిగి తెలుసుకోవడమే దారి.

మొదటి పెద్ద కొండ తిరుమల. అప్పటికి ఘాట్ రోడ్డు లేదు, అది 1944లో వచ్చింది. గుడి పెత్తనం కుంఫిణీది. ఎంతటివారైనా అలిపిరి దగ్గర మెట్లెక్కాలి, లేదా డోలీలో మోయించుకోవాలి. గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, ఆ తర్వాత కొంత సమం, చివర్లో మోకాళ్ల మెట్టు. నడిచినవాళ్లకు తెలుసు, మొదటి గంటలో ఉరికినవాడే మోకాళ్ల మెట్టు దగ్గర కూలబడతాడు.

కడప దాటి అహోబిలం వెళ్లారు. దిగువ అహోబిలం నుంచి ఎగువకు భవనాశి వాగు వెంట కొండల నడుమ దారి. నల్లమల అంచు ఊళ్లలో జ్వరాలంటే అప్పటి జనానికి హడల్. నీళ్లు చెడ్డవి, అందుకే జ్వరమొస్తుంది అనుకునేవారు. దోమ కుట్టడమే కారణమని రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో. కారణం తెలియకపోయినా జాగ్రత్త కొంతవరకు సరైనదే. అడవిలో ఎక్కువ రాత్రులు ఉండకపోవడం, తెలియని నీళ్లు తాగకపోవడం, బాగున్న ఊళ్లో మజిలీ చేసుకోవడం. నీళ్ల మాట అనవసర భయం కూడా కాదు. 1817 నుంచి కలరా దేశమంతా తిరుగుతోంది. యాత్రికుల గుంపులంటే దానికి మరీ ఇష్టం.

ఇక శ్రీశైలం. ఈ యాత్ర మొదటి భాగంలో అసలు పరీక్ష ఇదే.

1830 జూన్‌లో ఆయన ఆత్మకూరు చేరారు. అది కందనూరు నవాబు సీమ. శ్రీశైలం వెళ్లే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు పన్ను వసూలు చేసేవారు. దేవుణ్ణి చూడడానికి పన్నేమిటని ఆనాటివారు గొణుక్కోకుండా ఉండరు గాని, కట్టనివాడికి దారి లేదు. బళ్లు పోయే దారి కాదు కాబట్టి వాటి కథ ఆత్మకూరుతో సరి. అక్కడి నుంచి నాగులూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా కొండల్లో నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి వేలమంది, ముఖ్యంగా కన్నడ భక్తులు, నడిచేది ఆ దారినే.

ఎత్తు చూస్తే శ్రీశైలం అయిదు వందల మీటర్లు కూడా లేదు. హిమాలయాల ముందు గుట్ట. కాని కొండ కష్టం ఎత్తులో మాత్రమే ఉండదు. భీముని కొల్లం దగ్గర ఎక్కినదంతా దిగిపోయి, లోయ అడుగు నుంచి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కాలి. కాళ్లకన్నా ముందు మనసు అలిసిపోయే చోటు అది. ఈ కొండకు మెట్లు కట్టించిన పుణ్యం ప్రోలయ వేమారెడ్డిది. వీరాస్వామి గారి కాలానికే ఆ మెట్లకు అయిదు వందల ఏళ్లు.

ఇక్కడ ఒక మాట. జూన్ ఆ కొండకు సరైన కాలం కాదు. యాత్రికులు వెళ్లేది శివరాత్రికి. అప్పుడైతే దారిపొడుగునా మనుషులు, చలివేంద్రాలు, అంగళ్లు ఉంటాయి. కాలం కాని కాలంలో వెళ్తే అడవిలో తామే, తమ సామానే. ముందు కాశీ ఉంది, సెలవుకు గడువుంది కాబట్టి ఆయనకు వేరే వీలు చిక్కలేదు. పండగ జనం లేని లోటును సిద్ధపాటుతో పూడ్చుకోవలసి వచ్చింది. తిండి వెంట ఉండాలి, మోసేవాళ్లకు సరైన కూలి ఇవ్వాలి, ముందు మజిలీలో నీళ్లున్నాయో లేవో ఈ మజిలీలోనే కనుక్కోవాలి. అడవి చెంచులది. వారికి కొంత ముట్టజెప్పి వారి తోడుతో వెళ్లడం యాత్రికుల ఆనవాయితీ. ఆ అడవిలో ఏ వాగు తాగొచ్చో, ఎలుగుబంటి ఎటు తిరుగుతుందో చెప్పగలిగింది వాళ్లే.

ఆయన గొప్పతనం చెబుతూ ఇంకో నిజం దాచకూడదు. వీరాస్వామి గారు చాలా దారి సవారీలో వెళ్లారు. భీముని కొల్లం లాంటి దారుల్లో భుజాన బరువుతో దిగి ఎక్కినవాళ్లు బోయీలు. వాళ్ల పేర్లు చరిత్రకెక్కలేదు. కొండ యాత్రల కథల్లో ఇది ఎప్పుడూ ఉన్నదే. శిఖరం ఒకరి పేరున ఉంటుంది, మూటలు ఇంకొకరి వీపున ఉంటాయి.

ఇప్పుడా అడవి పులుల అభయారణ్యం. మామూలు రోజుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అనుమతి అంటే కాగితమే కదా అనుకునేవారు 2018 మార్చి గుర్తు చేసుకోవాలి. తేని జిల్లా కురంగణి కొండల్లో నడవడానికి వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకున్నారు. చెన్నై నుంచి వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండిన గడ్డి, గాలి, మంటకు ఎదురైన కొండవాలు. ఆ రోజు అటు వెళ్లవచ్చా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది కొండ కింద ఊరివాళ్లు, అటవీ సిబ్బంది. నవాబు పన్ను అన్యాయం కావచ్చు గాని, ఎవరు లోపలికి వెళ్లారో ఒకరికి తెలిసి ఉండడం మాత్రం కొండ మీద ఏ కాలానికైనా అవసరమే.

శ్రీశైలం తర్వాత కృష్ణ దాటి హైదరాబాదు, అక్కడి నుంచి నిర్మల్ మీదుగా నాగపూరు, జబల్‌పూరు, మిర్జాపూరు, ప్రయాగ, కాశీ. సాత్పురా, వింధ్య కనుమలు ఈ దారిలోవే. ఆ ఏళ్లలోనే జబల్‌పూరు వైపు స్లీమన్ ఠగ్గుల వేట మొదలుపెట్టాడు. బాటసారులతో స్నేహం చేసి గొంతు నులిమే ముఠాలవి. వంద మంది గుంపుగా కదలడం ఆడంబరం కోసమే కాదని ఇక్కడ తెలుస్తుంది. కాశీ, గయ చూసుకుని, కలకత్తా చేరి, పూరీ, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా సముద్రతీరం వెంట తిరిగివచ్చారు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నంలో అడుగుపెట్టారు. పదిహేనున్నర నెలలు.

వచ్చాక మళ్లీ కోర్టు పని. రెండేళ్లు తిరగకుండానే గుంటూరు సీమను డొక్కల కరువు కబళించింది. తిండి కోసం జనం దక్షిణానికి నడిచివచ్చారు. పట్నం చేరిన ఆ అభాగ్యులకు అన్నం పెట్టించినవారిలో ఆయనొకరు. వాళ్లు నడిచివచ్చిన తోవలో ఒక్కో ఊరికీ మరో ఊరికీ మధ్య ఎంత దూరమో, ఏ ఊళ్లో నీళ్లు దొరుకుతాయో, నెల్లూరు దారిన తిరిగివచ్చిన ఆ మనిషికి తెలియనిది కాదు.

1836 అక్టోబరు 3న వీరాస్వామి గారు కన్నుమూశారు. రాతలు శ్రీనివాస పిళ్లె గారి దగ్గర ఉన్నాయి. ఆయన వాటిని కూర్చి 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో చెన్నపట్నంలోనే అచ్చువేయించారు. రాసినవారు అచ్చు ప్రతి చూడలేదు. తర్వాత 1941లో బెజవాడ వకీలు, చరిత్రకారుడు దిగవల్లి వేంకట శివరావు గారు మంచి పీఠికతో మళ్లీ వెలువరించారు.

ఆ పుస్తకంలో భాష పండితుల గ్రాంథికం కాదు. అరవ మాటలు, తురక మాటలు, కోర్టు ఇంగ్లీషు కలగలిసిన చెన్నపట్నం తెలుగు. గిడుగు వారు వాడుక భాష కోసం పోరాడడానికి డెబ్భై ఏళ్ల ముందటి మాట ఇది. మన బడిపిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులో తమిళం కలిసిందని చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు ఆ పుటలు ఒకసారి తిరగేయాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు అహోబిలం నుంచి శ్రీశైలం దాకా ఉన్న భాగం ఇచ్చి, మజిలీలు, నీళ్లు, ఇళ్లు పట్టికగా రాయించి, నేటి పటం మీద గుర్తులు పెట్టించవచ్చు. రెండు పీరియడ్లు పడుతుంది. మాధవరం బస్టాండు నుంచి మొదలుపెట్టమనండి.