రుడాల్ఫ్ డీజెల్: వేరుసెనగ నూనెతో నడచిన యంత్రము

ఆంధ్రదేశపు పల్లెలలో బావికడ నీరు తోడుటకును, మరలలో పిండి విసరుటకును ఆయిలింజను చిరకాలము తోడ్పడినది. ఆ యంత్రమునకు మూలపురుషుడు రుడాల్ఫ్ డీజెల్. భూగర్భమునుండి తీసిన నూనెకు బదులుగా పంటనూనె యంత్రములను నడపగలదా యను ప్రశ్న ఆయన జీవితకాలముననే పుట్టినది.

డీజెల్ 1858 మార్చి 18 వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతమువారు. తండ్రి తోలుసామానులు చేయు చేతిపనివాడు. 1870 లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవింపగా ఆ కుటుంబము పారిస్‌ను విడిచి లండను చేరెను. పండ్రెండేండ్ల రుడాల్ఫును చదువు నిమిత్తము ఆగ్స్‌బర్గు పట్టణమునందలి బంధువులకడకు పంపిరి. అతడు మ్యూనిక్ సాంకేతిక విద్యాలయమున ఆచార్య లిండేకు శిష్యుడై, 1880 లో పట్టభద్రుడయ్యెను.

ఆ కాలపు ఆవిరియంత్రము బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్లయినను పనిగా మార్చజాలకుండెను. ఈ నష్టమును తగ్గింపవలెననియు, చిన్న చేతిపనివారికి సైతము అందుబాటులో నుండు యంత్రమును నిర్మింపవలెననియు డీజెల్ సంకల్పించెను. గాలిని గట్టిగా నొక్కిన వేడెక్కును. సైకిలు పంపు కొట్టునపుడు దాని గొట్టము వేడియగుట అందరు నెరిగినదే. అట్లు మిక్కిలి వేడెక్కిన గాలిలోనికి నూనెను చిమ్మిన, నిప్పురవ్వ లేకయే మండును. పెట్రోలు ఇంజనుకు సులభముగా ఆవిరియగు తేలిక ఇంధనము కావలెను. ఈ యంత్రము చిక్కని నూనెలను సైతము స్వీకరించును. 1893 లో ఆగ్స్‌బర్గునందు జరిగిన తొలి ప్రయోగమున ప్రేలుడు సంభవించినను ఆయన వెనుదీయలేదు. 1897 లో పరీక్షింపగా, ఆయన యంత్రము ఇంధనపు వేడిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చెను.

1900 లో పారిస్ ప్రదర్శనమునందు ఇట్టి చిన్న యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచెను. దానిలో ఏ మార్పును చేయలేదు. చూపరులలో కొలదిమందియే ఆ సంగతి గమనించిరి. ఆఫ్రికాలోని తన వలసలలో విరివిగా పండు వేరుసెనగను వినియోగింపదలచిన ఫ్రెంచి ప్రభుత్వమే దీనికి ప్రేరకము. తరువాత డీజెల్ స్వయముగా ఇట్టి పరీక్షలు చేసి, పంటనూనెలు ముందు కాలమున ప్రాధాన్యము వహింపవచ్చునని 1912 లో అభిప్రాయపడెను. మరుసటి యేడు, 1913 సెప్టెంబరు 29 రాత్రి, బెల్జియమునుండి ఇంగ్లండునకు పోవు ఓడనుండి ఆయన అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు సముద్రమున శవము కానవచ్చెను. అప్పటికాయన అప్పులలో మునిగియుండెను. మరణకారణము నేటికిని తేలలేదు.

ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రము నిలిచియున్నది. పచ్చినూనె చిక్కనిది, చిరకాలము వాడిన చిమ్ముడుగొట్టములను మూసివేసి, లోపల మసి పేర్చును. నూనెను ఆల్కహాలుతో కలిపి పలుచగా మార్చు పద్ధతికి 1937 లో బెల్జియమున పేటెంటు లభించెను. అందుచేత యంత్రపు చిక్కు చాలవరకు తొలగినది. మిగిలినది నేల చిక్కు. నూరు కిలోల వేరుసెనగ కాయలు ఒలిచిన 70 కిలోల గింజలును, వానినుండి సుమారు 30 కిలోల నూనెయును లభించును. లీటరునకు నాలుగు కిలోమీటర్లు సాగు లారీకి ఇది 130 కిలోమీటర్లకే సరిపోవును. ఒక కుటుంబపు వంటకో, పలు నెలలు వచ్చును. వంటనూనెలో సగమునకు మించి దిగుమతి చేసికొను భారతదేశమున ఈ లెక్క చిన్నది కాదు.

ఆహారము కాని కానుగ, అడవి ఆముదముల నూనెను డీజెలులో నూటికి 20 పాళ్లు కలుపవలెనని 2003 లో భారత ప్రభుత్వము తలపెట్టెను. బంజరులలో గింజల దిగుబడి చాలక ఆ లక్ష్యము నెరవేరలేదు. చెరకు, ధాన్యములనుండి తీసిన ఇథనాలు మాత్రము 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు చేరెను. కాని దానికిని నేలయు, నీరును కావలెను. పంటనుండి వచ్చు ఇంధనము కొంత భారమును మోయగలదు; మొత్తమును మోయవలెనన్న తిండిగింజల నేలను అడుగును. యంత్రము నడచునని డీజెల్ కాలమే నిరూపించినది; ఎంత నేలను దానికి విడువగలమో తేల్చుకొనవలసినది నేటి తరమువారు.