ఫోర్ట్రాన్ పితామహుడు జాన్ బాకస్

జాన్ బాకస్ 1924లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జన్మించారు. 1950లో ఐ.బి.ఎం.లో చేరారు. ఆ రోజుల్లో ప్రోగ్రాము రాయాలంటే యంత్రభాషతో కుస్తీ పట్టాల్సిందే. బీజగణితంలా రాసిచ్చేస్తే తర్జుమా యంత్రమే చేసుకోవాలని 1953లో ఆయన ప్రతిపాదించారు. యంత్రం రాసిన కోడు మనిషి రాసినంత వేగంగా నడవదని చాలామంది పెదవి విరిచారు. బాకస్ ఆ సందేహాన్నే గీటురాయి చేసుకున్నారు. శాస్త్రజ్ఞులు రాసే లెక్కల్లో కాలాన్ని మింగేవి మళ్లీ మళ్లీ తిరిగే లూపులే కదా! ప్రోగ్రాములో ఏ భాగం ఎన్నిసార్లు నడుస్తుందో కంపైలరే ముందుగా అంచనా కట్టి, ఉన్న మూడు ఇండెక్స్ రిజిస్టర్లనూ పొదుపుగా వాడేలా ఆయన బృందం దాన్ని తీర్చిదిద్దింది. 1957లో ఐ.బి.ఎం. 704 మీద ఫోర్ట్రాన్ వెలువడింది. దాని కోడు చేయితిరిగినవాళ్ల కోడుకి దీటుగా నిలవడంతో సందేహాలు సద్దుమణిగాయి. 1977లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న బాకస్ 2007లో కన్నుమూశారు. కంపైలరు సత్తా తేల్చేది కట్టినవాడి గొప్పలు కావు, జనం రోజూ రాసుకునే ప్రోగ్రాములే!