అన్నా మే వాంగ్

సినిమా నటి జీవితము పాఠశాల పత్రికకు తగునా యని తల్లిదండ్రులలో కొందఱు సందేహింపవచ్చును. ఈమె కష్టములు బడిలోనే మొదలైనవి గనుక చదువరులు కొంచెము ఓపిక పట్టవలెనని కోరుచున్నాము.

1905వ సంవత్సరము జనవరి 3వ తేదీని అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున, చీనావారి పేటకు చేరువను, ఈమె జన్మించెను. ఇంటివారు పెట్టిన పేరు వాంగ్ లియు త్సాంగ్. లాండ్రీ నడుపుచుండిన తండ్రియు అమెరికాలోనే పుట్టినవాడు. అయినను మొదట చేరిన బడిలో తెల్ల బాలురు ఈమెను, అక్కను జడలు పట్టి లాగి, కాలిబాటనుండి త్రోసివేసి బాధించుచుండిరి. తండ్రి విసిగి, వారిద్దఱిని ప్రెస్బిటేరియన్ మిషనువారు చీనా పిల్లలకై నడుపు పాఠశాలకు మార్చెను. అచ్చట వారికి నెమ్మది కలిగెను.

ఉతికిన బట్టలను ఇండ్లకు చేర్చి, వారిచ్చిన చిల్లరతో ఈమె సినిమాలు చూచెడిది. బడి యెగగొట్టియు చూచెడిది. ఈ భాగమును మన విద్యార్థులు అనుకరింపరాదు. 1919లో ఒక చిత్రమున దీపము మోయు జనములో నొకతెగా నిలిచెను. 1922లో, పదునేడేండ్ల వయస్సున, రంగుల చిత్రములలో తొలివాటిలో నొకటియైన ‘ది టోల్ ఆఫ్ ది సీ’ యందు నాయికయాయెను. 1924లో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ ఈమెను ప్రపంచమునకు తెలిపెను.

కీర్తి వచ్చెను గాని పాత్రలు మాఱలేదు. దాసి, వంచకురాలు, లేదా ప్రేమించి చివరకు చచ్చిపోవు స్త్రీ. తెల్లవారికిని చీనావారికిని వివాహమును కాలిఫోర్నియా చట్టము నిషేధించి యుండుటచే తెరమీదను అట్టి ప్రేమకు మరణమే గతి. విసిగి 1928లో ఐరోపాకు పోయి, జర్మను భాష నేర్చి, బెర్లినులోను లండనులోను పేరు గాంచెను. తిరిగివచ్చి 1932లో ‘షాంఘై ఎక్స్‌ప్రెస్’ నందు నటించెను.

అటుపిమ్మట జరిగినదే మాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. చీనాలో మిషనరీల యింట పెరిగిన పెర్ల్ బక్ వ్రాసిన ‘ది గుడ్ ఎర్త్’ నవలను చిత్రముగా తీయనెంచిరి. అందలి రైతు భార్య ఓలాన్ పాత్రకు ఈమెకన్న తగినవారు అమెరికాలో ఎవరుండిరి? అయినను భర్త పాత్రను పాల్ ముని యను తెల్ల నటునికిచ్చి, భార్య పాత్రను జర్మనీలో పుట్టిన లూయిస్ రైనర్‌కు ఇచ్చిరి. ఈమెకు చూపినది దుష్టురాలైన ఉపపత్ని లోటస్ పాత్ర. చీనా రక్తము గల తనకు దుష్టపాత్రయు, తెల్లవారికి మంచిపాత్రలును ఏల యని ఆమె నిరాకరించెను. 1937లో విడుదలైన ఆ చిత్రమునకు రైనర్ ఆస్కారు బహుమానము పొందెను.

ఈలోపల 1936లో ఈమె చీనాకు పోయి తండ్రిని, పూర్వుల గ్రామమును దర్శించెను. అక్కడ కొందఱు, చీనావారిని అవమానించు పాత్రలు వేసినదని నిందించిరి. ఇచట చీనాది, అచట అమెరికాది! జపాను యుద్ధకాలమున తన దుస్తులను వేలము వేయించియు, 1942లో రెండు చిత్రముల జీతమునిచ్చియు చీనా బాధితులకు తోడ్పడెను. 1951లో టెలివిజనులో ఒక ధారావాహికకు నాయికయాయెను.

1961 ఫిబ్రవరి 3న గుండెపోటుచే మరణించెను. వయస్సు 56. 2022లో అమెరికా ప్రభుత్వము పావు డాలరు నాణెముపై ఈమె ముఖమును ముద్రించినది. చితాభస్మమును తల్లి సమాధిలోనే ఉంచిరి. ఆ రాతిపై ఇంగ్లీషులో తల్లి పేరున్నది; ప్రక్కను చీనా అక్షరములలో ఈమె చిన్ననాటి పేరు మాత్రము కలదు.