కంప్యూటర్‌ కంటే ముందు ప్రశ్న

ఎంఐఎస్‌, డేటా ఎనలిటిక్స్‌, బిజినెస్‌ ఇంటెలిజెన్స్‌... ఏ కోర్సులో చేరినా ముందు ఏ సాఫ్ట్‌వేర్‌ నేర్పుతారనే అడుగుతాం. ఆ తొందర మీకూ ఉందా? అయితే పి.సి.మహలనోబిస్‌ గురించి కాస్త తెలుసుకోండి.

1893లో కలకత్తాలో పుట్టిన ఈయన కేంబ్రిడ్జిలో ఫిజిక్స్‌ చదివారు. 1915లో ఇంటికి బయల్దేరే వేళ యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో కాలేజీ లైబ్రరీలో బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు కంటపడ్డాయి. వాటిని కొనుక్కుని ఓడలోనే చదవడం మొదలెట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్‌ పాఠాలు చెబుతూనే స్టాటిస్టిక్స్‌లో మునిగిపోయారు.

1926లో ఒరిస్సాను వరదలు ముంచెత్తాయి. బ్రాహ్మణి నది అడుగు మేట వేసి పైకి లేచిందనీ, గట్ల ఎత్తు పెంచాలనీ ఇంజినీర్లు అన్నారు. మహలనోబిస్‌ దాదాపు 60 ఏళ్ల రికార్డులు తిరగేశారు. నది అడుగు పెరగనే లేదు! ఎగువన కురిసిన అసాధారణ వర్షమే కారణమని తేలింది. గట్లు పెంచితే డబ్బు పోయేది, ముప్పు మాత్రం అలాగే ఉండేది. ఎగువన నీటిని ఆపే ఆనకట్టలు కావాలని ఆయన సూచించారు. గమనించండి, ఆ రికార్డులు అప్పటికే ఉన్నాయి. తీసుకోబోయే నిర్ణయంతో వాటిని ముడిపెట్టి చూసింది ఆయనే.

1931లో ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌ పెట్టారు. బెంగాల్‌ జనపనార సర్వేల్లో ముందు చిన్న పైలట్‌ సర్వే చేసి, లోపాలు దిద్దుకున్నాకే పెద్దది మొదలుపెట్టేవారు. ఒకే ప్రాంతానికి రెండు బృందాల్ని విడివిడిగా పంపేవారు. ఇద్దరి లెక్కలకూ పొంతన లేకపోతే ఎక్కడో తప్పుందని తెలిసిపోయేది. అంటే తప్పు పట్టుకునే ఏర్పాటు సమాచార సేకరణలోనే ఉండేదన్నమాట. 1950లో మొదలైన నేషనల్‌ శాంపిల్‌ సర్వే వెనకున్నదీ ఈ అనుభవమే. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్‌.రావు ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఎదిగారు.

దేశంలో తొలి డిజిటల్‌ కంప్యూటర్‌ 1956లో అక్కడే పని మొదలుపెట్టింది. చూశారా, ప్రశ్నలు, పద్ధతి, మనుషులు సిద్ధమయ్యాకే యంత్రం వచ్చింది. 1972 జూన్‌ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు ఆయన కన్నుమూశారు. జూన్‌ 29ని గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఈసారి ప్రాజెక్టులో డేటాబేస్‌ గీసే ముందు ఓ కాగితం తీసుకోండి. ఈ సమాచారంతో ఎవరు ఏం నిర్ణయిస్తారు? లెక్క తప్పితే ఎలా తెలుస్తుంది? జవాబులు రాశాకే ల్యాప్‌టాప్‌ తెరవండి. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు ఆ జవాబులే మీకు అక్కరకొస్తాయి.