మాండలే చెఱ – పూనా గృహము

గొప్ప గ్రంథమును చదివినవారు గ్రంథకర్తను కొనియాడుదురు. ఆ గ్రంథము పుట్టిన కాలమున గ్రంథకర్త యింట దీపము పెట్టినవారెవరో విచారించువారరుదు. లోకమాన్య బాలగంగాధర తిలకుని జీవితమును నేడు స్మరించుటలో ఈ లోపమును కొంతయైనను తీర్చుట మా యుద్దేశము.

తిలకు 1856 సంవత్సరము జూలై 23వ తేదీన రత్నగిరియందు జన్మించెను. 1881లో మిత్రులతో కూడి కేసరి, మరాఠా పత్రికలను నెలకొల్పెను. కొల్హాపురపు దివానును గూర్చిన వ్రాతల నిమిత్తము 1882లో అగార్కరుతోబాటు డోంగ్రీ చెఱలో 101 దినములుండెను. 1897లో రాజద్రోహనేరముపై 18 మాసముల శిక్ష పడగా, మాక్సుమూలరు మున్నగు పండితుల విన్నపము తోడ్పడి ఏడాదికే విడుదలయ్యెను.

1908 ఏప్రిల్ మాసమున ముజఫర్‌పూరులో బాంబు పడి ఇద్దఱు ఆంగ్ల స్త్రీలు మరణించిరి. ఇట్టి దుష్కృత్యములకు ప్రభుత్వపు నిర్బంధవిధానమే మూలమని కేసరి వ్రాసెను. జూన్ 24న తిలకును పట్టుకొనిరి. బొంబాయి హైకోర్టులో అతడు తన పక్షమున తానే వాదించెను. జ్యూరీలో ఏడుగురు దోషియనిరి, ఇద్దఱు కాదనిరి. జస్టిస్ దావరు ఆఱేండ్ల ప్రవాసశిక్షయు, వేయి రూపాయల జుల్మానాయు విధించెను. బొంబాయి మిల్లు కూలీలు ఆఱు దినములు పని మానిరి. ఆ కాలముననే మన బెజవాడలో స్వరాజ్ పత్రికాసంపాదకులగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును అట్టి నేరముపైననే చెఱకేగిరి.

తిలకును బర్మాలోని మాండలేకు పంపిరి. అప్పటికి అతనికి 52 ఏండ్లు; మధుమేహము పీడించుచుండెను. కొయ్యపలకల గదిలో నివాసము. సిరాకలముల ననుమతింపరైరి, పెన్సిలు మాత్రమిచ్చిరి. విడికాగితములు కూడవనిరి, కుట్టిన పుస్తకములలోనే వ్రాయవలెను. 1910-11 శీతకాలమున నాలుగైదు మాసములలో గీతారహస్యము నిట్లే వ్రాసి ముగించెను. ఫలాపేక్ష లేక కర్మమాచరించుటయే గీతోపదేశమని ఆ గ్రంథము చాటినది.

ఇక ఇంటిమాట. యజమాని యొక వ్యాజ్యము నిమిత్తము నాలుగు మాసములు పట్టణమందుండినచో ఇల్లెట్లుండునో మన పాఠకులెఱుగుదురు. పూనాలోని ఆ యిల్లు ఆఱేండ్లు యజమాని లేక నడువవలసి వచ్చెను. తిలకుని భార్య సత్యభామాబాయి. వారి కుమారుడు విశ్వనాథుడు 1903లోనే ప్లేగువాత పడెను. మిగిలిన కుమారులిరువురును బాలురు. మేనల్లుడు ధోండోపంత్ విద్వాంసుడు ఇంటి వ్యవహారములను చూచుచు, దూరమనక మాండలేకేగి మేనమామను కలిసికొనుచుండెను. సత్యభామాబాయి మాత్రము పతిని మఱల చూడలేదు. 1912 జూన్ 7న ఆమె పూనాలో కన్నుమూసెను. తంతివార్త మాండలే చేరునప్పటికి చేయదగినదేమియు లేకపోయెను. బాల్యమున పెండ్లియై నలువదేండ్లు తోడుండిన భార్యకు తుదిచూపైనను దక్కకపోవుట ఏ న్యాయస్థానమును విధింపని శిక్ష.

1914 జూన్ మాసమున ప్రభుత్వము తిలకును పూనాకు తెచ్చి, అర్ధరాత్రివేళ ఇంటివాకిట విడిచెను. వ్రాతప్రతులను కొంతకాలము నిలిపియుంచి పిదప తిరిగి ఇచ్చిరి. 1915లో గీతారహస్యము అచ్చుపడెను, తెలుగునకును వచ్చెను. 1916లో అతడు హోంరూలు సంఘమును స్థాపించెను. 1920 ఆగస్టు 1న దివంగతుడయ్యెను.

ఫలాపేక్ష లేని కర్మమును తిలకు చెఱలో కూర్చుండి వివరించెను. సత్యభామాబాయి ఇంటనుండి దాని నాచరించెను. ఆమె పేర గ్రంథము లేదు, ఊరేగింపు జరుగలేదు. దేశము కొఱకు చెఱకేగినవారిని పూలమాలలతో సత్కరించుట మన కలవాటే. వారి వాకిట నిలిచి పిల్లల చదువెట్లున్నది, పొయ్యి రగులుచున్నదా యని యడుగుటయు ఆ సత్కారములోనిదే యని మా యభిప్రాయము. ఖైదీ వ్రాసిన పుటను చదువునపుడు, ఆ పుటకై ఇంట మౌనముగ వెల చెల్లించినవారిని తలపకుండుట కృతఘ్నత యగును.