బాలల న్యాయస్థానం – యానుష్ కోర్చక్

హక్కులను కంఠస్థం చేయించినంత మాత్రాన బాలలకు స్వేచ్ఛ విలువ బోధపడదు. ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపించిన మహనీయుడు యానుష్ కోర్చక్. పోలెండు రాజధాని వార్సాలో ఒక యూదు కుటుంబంలో జన్మించిన ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వృత్తిచేత పిల్లల వైద్యుడు, ప్రవృత్తిచేత రచయిత.

1912లో ఆయన యూదు అనాథ బాలల గృహానికి అధిపతి అయ్యారు. అచట బాలలే న్యాయమూర్తులుగా ఒక న్యాయస్థానం నెలకొల్పారు. దాని స్మృతిలోని తొలి 99 నిబంధనలు శిక్షను విధించేవి కావు. పిల్లలు తోటివారిపైనే గాక ఉపాధ్యాయులపైనా ఫిర్యాదు చేయవచ్చు. ఒక బాలుని కొట్టినందుకు, ఒక బాలికపై దొంగతనం ఆరోపించినందుకు కోర్చక్ స్వయంగా ఆ బాలల తీర్పుకు తలయొగ్గారు. చట్టం ముందు అందరూ సమానులని మన రాజ్యాంగపు 14వ అధికరణం చాటే సూత్రాన్ని ఆ పిల్లలు కన్నులారా చూచారు. 1926లో బాలలే వ్రాసే పత్రికను ఆయన ప్రారంభించి, వారికి భావప్రకటన స్వాతంత్ర్యాన్ని పరిచయం చేశారు.

తరువాత నాజీలు వార్సాలోని యూదులను గోడల నడుమ నిర్బంధించారు. అచటనే 1942 జూలైలో ఆ పిల్లలు మన రవీంద్రుని ‘డాక్‌ఘర్’ నాటకం ప్రదర్శించారు. ఆగస్టులో సుమారు 200 మంది బాలలను త్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించినప్పుడు, తప్పించుకొనే అవకాశమున్నా కోర్చక్ వారిని విడువలేదు. వారితోనే అసువులు బాశారు.

పోలెండు ప్రతిపాదనతో మొదలైన బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. 1992లో భారతదేశం అందులో చేరింది. పెద్దలు తమ తప్పుకు పిల్లల ఎదుట జవాబు చెప్పిననాడే ఆ అక్షరాలకు ప్రాణం వస్తుంది.